కత్తి కొనబోయి...

మా చిన్నవాడు స్నేహితులతో కలిసి హిమాలయాల్లో పది రోజులు కాలినడకన తిరిగొస్తానని ఓ రాత్రి చల్లగా చెప్పాడు. చల్లగా అంటే భోజనం అయిపోవస్తుండగా, మజ్జిగ పోసుకునే వేళకి. అప్పటికే డబ్బు కట్టేశాడట! ఇంక కాదనేదేముంది? చెయ్యి కడుక్కొచ్చి నా చేతిలో ఓ జాబితా పెట్టాడు. ఉన్ని మేజోళ్ళు, టార్చిలైటు, వాన కోటు, దూది, కట్టు గుడ్డ, అన్నీ వరసగా రాసుకొచ్చి ఆఖర్న "మంచి కత్తి ఒకటి" అని రాశాడు.

మిగతా వాటితో ఎవరికీ పేచీ లేదు. కత్తి దగ్గరే వచ్చింది తంటా. "ప్రయాణమై వెళ్ళే పిల్లాడి చేతికి కత్తేమిటే, శుభమా అంటూ!" అన్నారు మా అత్తగారు. "అక్కడ వంకాయలు తరుగుతాడా ఏమిటి? వంటింట్లో చాకు ఒకటి పడెయ్యి సంచీలో" అన్నారు మావారు, పేపరు మీంచి తలెత్తకుండా. వాడు మాత్రం సీరియస్‌గా, "అమ్మా, కొండల్లో దారి తప్పితే ప్రాణం నిలిపేది కత్తే" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. దారి తప్పితే అన్నాక ఏ తల్లికి కంటిమీద కునుకు పడుతుంది చెప్పండి?

మర్నాడు సాయంత్రం ఇద్దరం బజారుకి వెళ్ళాం. అద్దాల బీరువాలో కత్తులు నగల్లా పేర్చి ఉన్నాయి. ఒకదానికి వీపున రంపం పళ్ళు. ఒకదాని పిడి బోలుగా ఉండి, మూత తిప్పితే లోపల గాలం, దారం, అగ్గిపుల్లలు. మూత మీద దిక్సూచి! ఒకటి మూరెడు పొడుగు. "సినిమాలో హీరో వాడింది ఇదేనమ్మా" అన్నాడు దుకాణంవాడు. మావాడి కళ్ళు మెరిశాయి. "ఇందులో మంచిదేదో నువ్వే చెప్పమ్మా" అన్నాడు నాతో.

నోట మాట రాలేదు నాకు. ముప్ఫై ఏళ్ళుగా పూటా కత్తితో పని చేస్తున్న మనిషిని. బెండకాయ నుంచి కంద దాకా తరగనిది లేదు. అయినా మంచి కత్తి అంటే ఏది అని అడిగితే జవాబు తెలీదు! "రేపొస్తాం" అని చెప్పి బయటపడ్డాను. ఆ తరవాత వారం రోజులు నాకు కత్తుల పిచ్చి పట్టిందని మా ఇంట్లో ఒకటే వేళాకోళం. దొరికిన పుస్తకమల్లా చదివాను. చదువుతుంటే తెలిసింది, ఇది మగవాళ్ళ యుద్ధాల కథ మాత్రమే కాదని.

ముందు ఒక బాటసారి సంగతి చెబుతాను. 1991 సెప్టెంబరు 19న ఓ జర్మన్ దంపతులు ఆల్ప్స్ కొండల్లో, ఆస్ట్రియా ఇటలీ సరిహద్దు దగ్గర నడుస్తున్నారు. 3,210 మీటర్ల ఎత్తున కరుగుతున్న మంచులో ఓ మనిషి భుజాలు, తల కనిపించాయి. పాపం, ఎవరో కొండలెక్కే మనిషి జారిపడి పోయాడనుకున్నారు. తీరా తీసి పరీక్షిస్తే ఆయన పోయి 5,000 ఏళ్ళు దాటింది! ఈజిప్టులో పిరమిడ్లు లేవప్పటికి. దొరికిన లోయని బట్టి ఆయనకి ఓట్జీ అని పేరుపెట్టారు. ఇప్పుడు ఇటలీలో బోల్జానో పట్టణపు మ్యూజియంలో, చల్లటి గదిలో పడుకుని ఉన్నాడు.

నలభై అయిదేళ్ళ ఆ పెద్దమనిషి ఒంటరిగా కొండ దాటుతూ ఏమేం పట్టుకెళ్ళాడో ఉన్నదున్నట్టుగా దొరికింది. మావాడి జాబితాకి ముత్తాత జాబితా అన్నమాట! అందులో రాగి గొడ్డలి ఉంది, విల్లు ఉంది, నిప్పు రాజేసే సామగ్రి ఉంది, కత్తీ ఉంది. ఎంత కత్తి అనుకున్నారు? పిడితో సహా జానెడు కూడా లేదు, 13 సెంటీమీటర్లు. చెకుముకి రాతి అలుగుకి కర్ర పిడి, చెట్టునారతో అల్లిన చిన్న ఒర. దానితో బాటు లావుపాటి పెన్సిలు లాంటి వస్తువొకటి దొరికింది. కర్ర మధ్యలో దుప్పికొమ్ము ముక్క దిగేసి ఉంది. అదేమిటో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. తీరా చూస్తే అది రాతి కత్తి అంచుని చిన్న చిన్న పెళ్ళలుగా రాల్చి మళ్ళీ పదును తేవడానికి. అంటే ఆయన కత్తితో బాటు సాన కూడా పట్టుకెళ్ళాడు!

2018లో శాస్త్రజ్ఞులు ఆయన పనిముట్లని భూతద్దాల కింద పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. అవన్నీ పదే పదే పదును పెట్టగా పెట్టగా అరిగి అరిగి ఆఖరి దశకి వచ్చినవే. కొత్త రాయి దొరికే చోటుకి వెళ్ళే వీలు ఆయనకి కొంతకాలంగా లేదు. పొదిలో 14 బాణాలుంటే పూర్తయినవి రెండే. కుడి చేతికి కొద్ది రోజుల కిందటి లోతైన కోత గాయం. ఎడమ భుజంలో బాణపు ములుకు ఉందని 2001లో ఎక్స్‌రేలో కనిపించింది. ఎవరి నుంచో పారిపోతూ, అరిగిన కత్తితో, సగం చెక్కిన బాణాలతో కొండెక్కాడు పాపం. వెనక నుంచి వచ్చిన బాణాన్ని ఏ కత్తీ ఆపలేదు. నాకా మనిషిని తల్చుకుంటే గుండె కలుక్కుమంది. ఆయన కోసం ఏ లోయలోనో ఎవరో ఎదురు చూస్తూనే ఉండి ఉంటారు కదా!

ఇక రెండో కథ మంచు దేశం గ్రీన్‌లాండ్‌ది. అక్కడి ఇనూయిట్ జాతి ఆడవాళ్ళకి వేరే కత్తి ఉంది. పేరు 'ఉలు'. అర్ధచంద్రాకారంలో అలుగు, దాని పైన మధ్యలో పిడి. గుప్పిట్లో పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ కోస్తారు. సీలు తోలు ఒలవడం, మాంసం కోయడం, బట్టలకి తోలు కత్తిరించడం, పిల్లల జుట్టు కత్తిరించడం అన్నీ దానితోనే. అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి కూతురికీ సంక్రమిస్తుందది. మగవాళ్ళ కత్తులు వేరు, మంచు ఇటుకలు కోసి ఇల్లు కట్టే పొడుగు కత్తి వేరు. వేటాడి తేవడం ఆయన పనైతే, తెచ్చినదాన్ని తిండిగానూ, ఒంటిమీద బట్టగానూ మార్చేది ఉలు. కుట్లు సరిగ్గా కుదరని కోటు వేసుకుని ఆ చలిలోకి వెళితే మనిషి తిరిగిరాడు. ప్రాణం నిలిపే కత్తి ఏదంటే నేను దీనికే ఓటు వేస్తాను. మన కత్తిపీటకి దూరపు చుట్టంలా అనిపించింది.

ఆ దేశంలో ఇనుప గని లేదు, కొలిమి లేదు, బొగ్గుకి చెట్టే లేదు. ఉలు అలుగులు చాలాకాలం పలకరాతివే. అయితే 1818లో జాన్ రాస్ అనే బ్రిటిష్ నావికుడు ఆ గ్రీన్‌లాండ్ వాయవ్య తీరానికి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళ చేతుల్లో ఇనుప అంచు కత్తులు చూసి తెల్లబోయాడు. ఎముక పిడిలో చిన్న చిన్న ఇనుప రేకులు వరసగా దిగేసిన కత్తులవి. ఆ ఇనుము ఎక్కడిదీ? ఆకాశంలోంచి రాలిందిట! వేల ఏళ్ళ కిందట అక్కడ పడిన ఉల్కలు. వాటికి ఆ జనం పేర్లు పెట్టుకున్నారు. పెద్దది 'గుడారం', తరువాతది 'ఆడమనిషి', చిన్నది 'కుక్క'. ఆ 'ఆడమనిషి' ఉల్క చుట్టూ గుట్టలుగా సుత్తి రాళ్ళు పడి ఉన్నాయి, వేలకొద్దీ. తరతరాలుగా ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చిన రాళ్ళతో కొట్టి, నిప్పన్నది లేకుండానే గోరంత గోరంత రేకులు ఊడదీసుకున్నారన్నమాట.

ఆ ఆడమనిషిని 1895లో పియరీ అనే అమెరికన్ అన్వేషకుడు కుక్కతో సహా ఓడకెక్కించాడు. 1897లో 31 టన్నుల గుడారాన్ని కూడా తీసుకుపోయాడు. మూడూ ఆఖరికి న్యూయార్కు మ్యూజియంకి 40,000 డాలర్లకి చేరాయి. అప్పటికే ఆ జనానికి ఓడల వాళ్ళ దగ్గర ఇనుము దొరుకుతోంది కదా, ఇంక వాళ్ళకి రాళ్ళెందుకు అన్నది ఆయన వాదం. పెద్దమ్మ దగ్గర ఇత్తడి బిందెలు తీసుకుపోయి, నీకు ప్లాస్టిక్ బకెట్లున్నాయిగా అన్నట్టు లేదూ? ఆ 1897 ఓడలోనే ఆరుగురు మనుషుల్ని కూడా తీసుకెళ్ళాడు. వాళ్ళలో నలుగురు కొద్ది నెలల్లోనే జబ్బుచేసి పోయారు.

మూడో కథ కోసం దూరం పోనక్కర్లేదు. మన నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఆ ఊరి పేరు నాకు ఈ వారం దాకా తెలీదు, సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఒకప్పుడు ఇరాన్ దేశపు వర్తకులకి మాత్రం బాగా తెలుసు. 1820 ప్రాంతాల్లో సర్వే దళంలో ఉన్న వోయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ ఊరు చూసి రాసిపెట్టాడు. ఆయన రాసింది ఆయన పోయాక 1832లో అచ్చయింది. అక్కడ ఆయనకి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకాయన కనిపించాడు. ఎందుకొచ్చాడయ్యా అంటే ఉక్కు కోసం. ఇలాంటిది మా దేశంలో చేసి చూశాం, కుదరలేదు అన్నాడట.

మన కమ్మరులు చేసిందేమిటంటే, చిన్న మట్టి మూసలో ఇనుప ముక్కలు, కాస్త ఆకు, ఊక లాంటివి వేసి, మూతికి మట్టి మెత్తి, కొలిమిలో పెట్టి రాత్రీ పగలూ ఎద్దుతోలు తిత్తులతో గాలి ఊదేవారు. ఆకులోని బొగ్గు పదార్థం ఇనుములోకి దిగి అది కరిగేది. కంగారుపడకుండా నిదానంగా చల్లార్చేవారు. మూస పగలగొడితే లోపల అరచేతిలో పట్టే ఉక్కు బిళ్ళ! మనం జున్ను కట్టినట్టే, లోపలేం జరుగుతోందో కళ్ళకి కనిపించదు, చేతి వాటం తెలియాలి. ఇలాంటి బిళ్ళలతోనే డెమాస్కస్ కత్తులని లోకమంతా చెప్పుకునే, నీళ్ళ అలల్లాంటి చారలున్న కత్తులు సాగదీసేవారు. అలాంటి పాత కత్తి ముక్కని జర్మనీలో పరీక్షించి, అందులో అతి సూక్ష్మమైన కార్బన్ గొట్టాలున్నాయని 2006లో ప్రకటించారు. మన ముత్తాతలకి ఆ సంగతి తెలీదు. తెలియకపోయినా చేశారు.

1790లలో ఈ ఉక్కు నమూనాలు లండన్ చేరాయి. అక్కడివాళ్ళు దాన్ని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అన్న మాటే నోళ్ళు తిరగక, చేతిరాత తెలియక అలా మారిందని పండితుల అంచనా. స్టోడార్ట్ అనే ఆయన లండన్‌లో కత్తులూ, వైద్యుల పనిముట్లూ చేసేవాడు. యూరపులోని ఏ ఉక్కు కన్నా ఇదే మేలని తన దుకాణం కార్డు మీద వేసుకున్నాడు! ఆయనతో కలిసి దీని గుట్టు కనిపెట్టడానికి కూచున్నది ఎవరనుకున్నారు? మైకేల్ ఫారడే. మన ఇళ్ళల్లో కరెంటుకి మూలపురుషుడైన ఫారడేనే. కమ్మరి కొడుకాయన. మన కమ్మరి గుట్టు మరో కమ్మరి కొడుకు వెతకడం బాగుంది కదూ!

తరవాతేమైంది? యంత్రాలతో చేసిన చవక ఉక్కు ఓడల్లో వచ్చింది. బొగ్గుకి అడవి కరువైంది. కత్తులు చేయించుకునే సంస్థానాల సైన్యాలు పోయాయి. కొలిములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. 2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలన్నీ తిరిగి చూస్తే చాలా చోట్ల మిగిలినవి చిట్టెం దిబ్బలూ, పగిలిన మూసలూను. కోనసముద్రంలో ఆ పని తెలిసిన చేతులు ఎప్పుడో పోయాయి. ఉల్కని ఎత్తుకుపోతే కనీసం మ్యూజియంలో చూడొచ్చు. చేతి విద్య పోతే ఏ మ్యూజియంలో వెతుక్కుంటాం?

ఆ ఉక్కులో ఒక చిక్కు మాత్రం ఉండేది. బొగ్గు పాలెక్కువైతే పదును బాగా నిలుస్తుంది కానీ పెళుసు. తక్కువైతే విరగదు కానీ పదును నిలవదు. అన్ని ఉక్కులకీ ఇదే సంకటం. అందుకే కమ్మరి ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరుస్తాడు, మళ్ళీ సన్నసెగ మీద కాస్త కాచి పెళుసుతనం తీస్తాడు. కోపమూ ఉండాలి, శాంతమూ ఉండాలి, మంచి ఇల్లాలిలాగే అన్నమాట!

ఇక మన వంటింటి దొరసాని స్టెయిన్‌లెస్ స్టీలు సంగతి. ఇంగ్లాండులో షెఫీల్డ్ అనే కత్తుల ఊరుంది. అక్కడ హ్యారీ బ్రియర్లీ అనే ఆయన, పన్నెండేళ్ళకే పనిలో చేరి ప్రయోగశాలలో సీసాలు కడుగుతూ పైకొచ్చినవాడు, తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఉండే లోహం వెతుకుతూ 1913లో ఉక్కులో నూటికి 12 పాళ్ళ పైన క్రోమియం కలిపాడు. తుపాకీ సంగతేమో కానీ, అది తుప్పు పట్టడం లేదని గమనించాడు. కత్తులకి పనికొస్తుందంటే ఊళ్ళో పెద్దలు నవ్వారు. మొదట చేసిన కత్తులు సరిగా తెగలేదు. "తెగని కత్తులు కనిపెట్టిన మహానుభావుడు" అని వెక్కిరించారు. ఆఖరికి స్టూవర్ట్ అనే ఆయన ఓ ముక్కని వెనిగర్లో వేసి, మచ్చపడకపోవడం చూసి 'స్టెయిన్‌లెస్' అన్నాడు. పేరు అదే స్థిరపడింది.

వంకాయ నల్లబడుతోందని నేను పాత ఇనుప కత్తిపీట అటకెక్కించి స్టీలు చాకు కొన్నదాన్నే. నెల తిరక్కుండా టమాటా తొక్క మీద జారిపోయింది. దోషం స్టీలుదనుకున్నాను. కాదు, నాదే. కత్తిపీటకైతే సైకిలు మీద సానవాడొస్తే పరిగెత్తుకెళ్ళి పదును పెట్టించేదాన్ని. స్టీలుదానికి తుప్పు పట్టదు కదా, ఇంకేం అక్కర్లేదనుకున్నాను. మెరుపుకీ పదునుకీ సంబంధం లేదు. మనుషుల్లో కూడా అంతేననుకోండి!

ఆఖరి కథ చెప్పి ఊరుకుంటాను. ఆరన్ రాల్‌స్టన్ అనే 27 ఏళ్ళ అమెరికన్ కుర్రాడు 2003 ఏప్రిల్ 26న యూటా రాష్ట్రంలో ఓ సన్నటి రాతి లోయలోకి ఒంటరిగా దిగాడు. కదిలిన బండ ఒకటి వచ్చి కుడి చెయ్యిని గోడకి అదిమేసింది. 360 కిలోల బండ. ఎక్కడికి వెళ్తున్నాడో ఏ ఒక్కరికీ చెప్పి రాలేదు. చేతిలో ఉన్నది టార్చిలైటుతో ఉచితంగా వచ్చేలాంటి నాసిరకం మడత పనిముట్టు. మొద్దు కత్తి. మొదట చర్మం కూడా తెగలేదు దానితో. అయిదు రోజుల పైన, 127 గంటలు, ఉన్న గుక్కెడు నీళ్ళూ అయిపోయి, చివరికి తన చెయ్యి తనే కోసుకుని బయటపడ్డాడు. ఎలా కోసుకున్నాడో రాయలేను, చదవనూలేకపోయాను. 2010లో సినిమా కూడా వచ్చింది, సంగీతం మన రెహమానే.

అందరూ ఆ కుర్రాడి ధైర్యాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. నా మనసు మాత్రం ఇంకొకరి దగ్గర ఆగిపోయింది. కొడుకు పనిలోకి రాలేదని తెలిసి, ఎక్కడికెళ్ళాడో తెలీక, ఫోన్ల మీద ఫోన్లు చేసి అధికారులని కదిలించిన వాళ్ళలో ఆ తల్లి ఉంది. వాడు రక్తమోడుతూ నడిచి వస్తుంటే ఆకాశంలో హెలికాప్టరు ఉందంటే ఆ వెతుకులాట వల్లే. ఒక్క మాట చెప్పి వెళ్ళి ఉంటే? ఆ ఒక్క మాట ఏ కత్తికన్నా పదునైనది.

ఇవన్నీ ఓ రాత్రి మావాడికి చెబుతుంటే మా అత్తగారు మంచం మీంచే వింటున్నారు. ఆవిడ లేచి కూచుని, పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన చిన్న చాకు తీశారు. "నీ పురిట్లో తలగడ కింద పెట్టింది ఇదే. నా పురిట్లోనూ ఇదే" అన్నారు. బాలింత దగ్గర ఇనుము ఉంచడం మనందరికీ తెలిసిందే కదా, గాలీ ధూళీ సోకకుండా. "తలగడ కింద చాకు ఉంది. అయినా నా మొదటివాడు ఎనిమిదో రోజున పోయాడు" అన్నారు ఆవిడ నెమ్మదిగా. మావారికి ముందో అన్నగారు పుట్టారని ఇన్నేళ్ళలో నేను విన్నది అదే మొదలు. మంత్రసాని కొడవలితో బొడ్డు కోసిందట. పాలు పట్టడం మానేసి, ఒళ్ళు విల్లులా బిగుసుకుపోయిందట. ధనుర్వాతం. "తలగడ కింద కత్తి సంగతి అందరూ చూశారు కానీ, బొడ్డు కోసే కత్తి కడిగారా అని ఎవరూ అడగలేదే" అన్నారు.

ఎవరం మాట్లాడలేదు. ఆవిడకి కత్తంటే ఎందుకు గిట్టదో అప్పుడర్థమైంది. 1980ల్లో కూడా మన దేశంలో ఏటా లక్షకు పైగా పసిగుడ్లు ఇలా పోయేవారు. తల్లికి టీకా, ఆస్పత్రి కాన్పు, కాగితంలో చుట్టిన ఓ శుభ్రమైన బ్లేడు, వీటితోనే అది తగ్గింది. రాష్ట్రాల్లోకెల్లా ముందు దాన్ని అదుపులోకి తెచ్చింది మన ఆంధ్రప్రదేశే, 2003లో. 2015కి దేశమంతా గట్టెక్కింది. ఇన్ని ప్రాణాలు నిలిపిన ఆ పావలా బ్లేడుకి పిడీ లేదు, ఒరా లేదు, సినిమా అసలే లేదు.

మర్నాడు దుకాణానికి వెళ్ళాం. ఈసారి నాకు తెలుసు ఏం కొనాలో. రంపం పళ్ళ కత్తి వద్దన్నాను, కోయడానికీ రాదు, చెక్కడానికీ అడ్డం. బోలు పిడి వద్దన్నాను. అలుగు పిడిలో కలిసే చోటే బరువంతా పడుతుంది, ఆ చోటే బోలైతే విరక్కేం చేస్తుంది? ఇనుము తోక పిడి చివరిదాకా దిగి ఉండాలి. మడిచేది తేలికే కానీ, గట్టి పనికి మడవనిదే మేలు. అలుగు నాలుగు అంగుళాలు చాలు, ఓట్జీకి అంతకూడా లేదు. పిడి తడిచేతికి జారకూడదు, గుప్పిటికి సరిపోవాలి. ఒర బిగుతుగా ఉండాలి. "మీరు ఎన్.సి.సి.లో చేశారా అమ్మగారూ?" అని అడిగాడు దుకాణంవాడు! ఉన్నవాటిలో చవక కత్తే తీసుకున్నాం. మిగిలిన డబ్బుతో చిన్న సానరాయి కొన్నాను. స్టేషనుకి వెళ్ళేలోగా దానిమీద పదును పెట్టడం వాడిచేత నాలుగుసార్లు చేయించాను. గాయం మీద వాడేముందు మరిగే నీళ్ళలో వెయ్యాలని అయిదుసార్లు చెప్పాను.

వాడు ఎక్కే కొండలు, ఆగే ఊళ్ళు, తిరిగొచ్చే తేదీ, కూడా వచ్చే వాళ్ళ ఇళ్ళ ఫోను నంబర్లు రెండు కాగితాల మీద రాయించి, ఒకటి కాలెండరుకి గుచ్చాను. మావారు నవ్వలేదు. రెండోది తీసి జేబులో పెట్టుకున్నారు.

రైలు టైమయింది. కొత్త కత్తి నేను వాడి చేతికివ్వబోతే, "ఆగవే" అన్నారు అత్తగారు. కత్తి చేతికి చేయి ఇవ్వకూడదు కదా! ఆవిడే అందుకుని, గుడ్డతో తుడిచి, గుమ్మం పక్కన అరుగు మీద పెట్టారు. వాడు వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, కత్తి తీసుకుని సంచీలో వేసుకున్నాడు.

"అది తియ్యాల్సిన అవసరం రాకూడదురా నాయనా" అన్నారావిడ. మంచి కత్తి గురించి నేను వారం రోజులు చదివినదంతా ఆ ఒక్క మాటలో ఉంది.